గాజు చెప్పిన సాక్ష్యము

మన వేదాంతులకు స్ఫటికమనిన మిక్కిలి మక్కువ. ఎఱ్ఱని మందారము చెంతనున్నంతసేపు స్ఫటికము ఎఱ్ఱగా కన్పట్టును. పువ్వును తొలగింపగనే ఆ యెఱుపు మాయమై అది మరల స్వచ్ఛముగనే యుండును. రంగు పువ్వుదే గాని స్ఫటికముది కాదు. ఆత్మకు సంసారధర్మములు అంటవని బోధించుటకు ఈ దృష్టాంతమును తరతరములుగా చెప్పుచు వచ్చిరి. ఆ సిద్ధాంతమును విమర్శించుట ఇచ్చట మా యుద్దేశము కాదు. దృష్టాంతమును మాత్రము కొంచెము మార్చి చూతము. స్ఫటికమునకు బదులుగా మన యింటి కిటికీకి బిగించు గాజుపలకను, మందారమునకు బదులుగా ఒక చిటికెడు రేడియము లవణమును ఉంచుదము. కొన్నాళ్లకు ఆ లవణమును తీసివేసినను గాజునకు పట్టిన రంగు తొలగదు. కడిగినను పోదు, తుడిచినను పోదు, గోకినను పోదు. అది పైపూత కాదు, లోపలికి దిగిన మార్పు. వెలుతురును అడ్డగింపక పంపుటకే పుట్టినదని మనము తలచు ఈ వస్తువు, తన గుండ పోయినదానిని జ్ఞాపకముంచుకొనుచున్నది.

ఈ జ్ఞాపకమును మనుష్యులు ఎట్లు కనుగొనిరో, కనుగొనియు ఎట్లు అలక్ష్యము చేసిరో, తుదకు దానిని తమ రక్షణకు ఎట్లు వినియోగించుకొనిరో చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇది ప్రకృతిశాస్త్ర చరిత్రలో ఒక చిన్న అధ్యాయము. కాని కంటికి కనబడని శక్తులను గూర్చి ఎవరి మాట నమ్మవలెను, ఎట్లు పరీక్షింపవలెను అను ప్రశ్న మన యిండ్లలో నిత్యము పుట్టుచున్నది. కావున గృహస్థులును గృహిణులును దీనిని తెలిసికొనుట మేలు.

ముందుగా గాజు యొక్క పుట్టుకను విచారింతము. నిత్యము వాడు గాజునకు మూలద్రవ్యము ఇసుక. ఇసుకలోని ముఖ్యపదార్థము సిలికా. అనగా సిలికను, ఆమ్లజని అను రెండు మూలకముల కలయిక. ఒక్క యిసుకనే కరగింపవలెనన్న మిక్కుటమైన వేడి కావలెను. అందుచేత సులభముగా కరగుటకు సోడాను, నీటికి చెడకుండుటకు సున్నమును చేర్తురు. ఇట్లు కరగి, స్ఫటికమునందువలె పరమాణువులు బారులు తీరకముందే గట్టిపడిన ద్రవ్యమే గాజు. ఇందలి ఎలెక్ట్రానులు అను విద్యుత్కణములు తమ తమ స్థానములలో గట్టిగా బంధింపబడి యుండును. కంటికి కనబడు వెలుతురునకు వానిని కదలించు శక్తి చాలదు. కావున ఆ వెలుతురు దేనిచేతను మ్రింగబడక ఆవలికి పోవును. గాజు స్వచ్ఛతకు రహస్యమిదియే.

అయితే ఇసుక శుద్ధముగా దొరకుట అరుదు. దానిలో ఎంతో కొంత యినుము ఉండును. చవుక సీసాలకును, మందపు పలకల అంచులకును ఆకుపచ్చచాయ కలుగుటకు ఆ యినుమే కారణము. ఈ దోషమునకు గాజుపనివారు పూర్వమునుండియు ఒక యుపాయమును ఎఱుగుదురు. మాంగనీసు అను లోహపు నల్లని భస్మమును కొలదిగా కలుపుదురు. అది ఇనుమును లేతవర్ణముగల రూపమునకు మార్చును. మిగిలిన ఆకుపచ్చను తన ఊదాచాయతో సరిపుచ్చును. రెండు రంగులును ఒకదానినొకటి అణచుకొని గాజు తెల్లగా తోచును. కావుననే దీనికి గాజుపనివాని సబ్బు అను పేరు వచ్చినది. కాని సబ్బు మురికిని కడిగివేయును; మాంగనీసు ఇనుమును కడిగివేయలేదు, కప్పిపుచ్చినది మాత్రమే. ఇనుమును లోపలనే యున్నది. మాంగనీసును లోపలనే యున్నది. ఆ మాంగనీసులో అధికభాగము రంగులేని రూపమున గాజులో నిద్రించుచుండును. దానిని మేల్కొలుపుటకు సూర్యుడు చాలును.

లండను నగరమున బ్లాక్‌ఫ్రయర్సు ప్రాంతపు బ్రిడ్జి వీథిలో కొన్ని యిండ్లకు బిగించిన పలకగాజు మొదట రంగులేక యుండి, కొలది సంవత్సరములలో ఊదారంగునకు తిరిగెను. దారిన పోవు జనులెందఱో దానిని చూచియుందురు. చూచి, కారణమేమని పరీక్షింపబూనినవాడు మైఖేలు ఫారడే. ఇతడు కమ్మరివాని కొడుకు. పుస్తకములకు అట్టలు కట్టువానియొద్ద పని నేర్చుచు, కట్టవచ్చిన పుస్తకములనే చదివి శాస్త్రమునందు అభిరుచి పెంచుకొనినవాడు. అతడు ప్రకటించిన పరీక్ష మిక్కిలి తేలికైనది. మూడు గాజుముక్కలను తీసికొని ఒక్కొక్కదానిని రెండుగా విఱిచెను. ఒక్కొక్క జంటలో ఒక సగమును కాగితమున చుట్టి చీకటిలో దాచెను; రెండవ సగమును గాలికిని ఎండకును విడిచెను. ఇది జనవరి మాసమున జరిగినది. సెప్టెంబరు నడుమ వానిని చేరదీసి చూడగా చీకటిలోనివి మాఱలేదు. ఎండలోనివి బాగుగా రంగెక్కెను. ఒకప్పుడు ఈ రెండును ఒకే ముక్కగా నుండెనని నమ్ముటయే కష్టమయ్యెను. గాజు వంటి గట్టి పదార్థమునందు సైతము సూర్యకిరణములు రసాయనిక వ్యాపారమును నడపగలవని అతడు నిర్ణయించెను.

ఈ పరీక్షకు యంత్రములు అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. కావలసినవి రెండే. ఒకటి తొమ్మిది నెలల ఓర్పు. రెండవది చీకటిలో దాచిన ఆ సగము. ఎండలో పెట్టిన ముక్క యొక్కటియే యుండినచో ఏమి తేలియుండును? అది మొదటినుండియు అట్లే యుండెనని ఒకడును, కాలము గడచిన కొలది ఏ గాజైనను అట్లే యగునని మఱియొకడును వాదింతురు. వారి నోళ్లు మూయించునది ఎండ యెఱుగని తోడిముక్కయే. మార్పును చూపుటకు మాఱినది చాలదు, మాఱనిదియు కావలెను. ఈ చిన్న సూత్రమును చదువరులు మనసున ఉంచుకొందురు గాక. దీనితో మరల పని కలదు.

ఫారడే ఇంతటితో విడిచిన పనిని అమెరికాలోని బోస్టను నగరపు గాజువర్తకుడు థామసు గాఫీల్డు కైకొనెను. ఇతడు 1863లో ప్రారంభించి, నానావిధములైన గాజుపలకలను ఎండలో పఱచి, నెలలు, సంవత్సరములు వానిని పోల్చి చూచుచు వచ్చెను. 1867లో తన ఫలితములను ప్రకటించెను. ఇంచుమించు ప్రతిరకపు గాజును ఎండకు ఎంతో కొంత మాఱుననియు, ఊదారంగే గాక పసుపు మొదలగు చాయలును కలుగుచుండుననియు, రంగు తిరిగిన ముక్కను కొలిమిలో కాల్చినచో పూర్వపు రూపు వచ్చుననియు అతడు కనుగొనెను. ఈ కడపటి సంగతి ముఖ్యమైనది. ఏదో యొక వస్తువు వెలుపలినుండి వచ్చి చేరియుండినచో కేవలము వేడిచేతనే గాజు తేరుకొనుట సులభము కాదు. కావున మాఱినది గాజులోని సరకు కాదు, ఆ సరకు యొక్క అమరిక.

ఆ బోస్టను నగరముననే బీకన్ హిల్ అను ధనికుల పేటలో ఊదారంగు కిటికీలు నేటికిని కలవు. 1818, 1824 సంవత్సరముల నడుమ ఇంగ్లండునుండి దిగుమతియైన గాజులో మాంగనీసు పాలు హెచ్చుటచే అవి ఎండకు రంగెక్కెను. అది సరకులోని లోపము. కాని ఆ యిండ్లు పాత కుటుంబములవి కావున ఊదాగాజు పెద్దింటితనమునకు గుర్తయ్యెను. తరువాతివారు కొందఱు కావలెననియే అట్టి గాజును వేయించుకొనిరి. లోపము ఆచారమగుటయు, ఆచారము గౌరవమగుటయు మన దేశమునకే చెందిన వింతలు కావని దీనివలన తెలియుచున్నది.

లోపల జరిగిన దేమి? సూర్యకాంతిలో కంటికి కనబడు రంగులకు ఆవల అతినీలలోహిత కిరణములు గలవు. వాని శక్తి యెక్కువ. రంగులేని మాంగనీసునుండి ఒక ఎలెక్ట్రానును అవి తప్పింపగలవు. తప్పిన ఎలెక్ట్రాను కొంత దూరము పోయి గాజులో మఱియొక చోట చిక్కుకొనును. దానిని కోలుపోయిన మాంగనీసు వెలుతురులోని ఆకుపచ్చ, పసుపు భాగములను మ్రింగి ఊదాచాయను మిగుల్చును. వేడిచేసినప్పుడు చిక్కుకొనిన ఎలెక్ట్రాను విడివడి స్వస్థానమును చేరును; రంగు పోవును. గాఫీల్డు పరీక్షలు చేయునాటికి ఈ వివరణము ఎవరికిని తెలియదు. ఎలెక్ట్రాను 1897లో గాని బయటపడలేదు. అయినను కారణము తెలియకమునుపే కార్యమును నిక్కముగా గుర్తించి వ్రాసియుంచుట వలన, కారణము తెలిసిన నాడు ఆ వ్రాతలన్నియు అక్కఱకు వచ్చినవి.

ఇంతలో భౌతికశాస్త్రమున పెనుమార్పు వచ్చెను. 1895 నవంబరులో జర్మనీదేశమున రాంట్‌జెను ఎక్సు కిరణములను కనుగొనెను. మఱుసటి సంవత్సరమున పారిసునందు బెకెరెలు యురేనియమునుండి అట్టి అగోచర కిరణములు తమంతట వెలువడుచుండుటను గుర్తించెను. 1898లో మేరీ క్యూరీ, పియేరు క్యూరీ దంపతులు పొలోనియమును, రేడియమును కనుగొనిరి. పారిసులోని యొక పాడుపడిన కొట్టములో ఖనిజమును కాచి, వడపోసి, తరచి తరచి తీసిన ఆ లవణములు గాజుపాత్రలలోనే యుండెడివి. ఆ పాత్రలు రంగు తిరిగెను. 1899 నవంబరులో ఆ దంపతులు ఈ కిరణములు గాజునకు ఊదారంగు కలిగించుచున్నవని పారిసులోని శాస్త్రపరిషత్తునకు తెలిపిరి. 1903లో మేరీ క్యూరీ తన సిద్ధాంతగ్రంథమున ఈ సంగతిని మఱింత విపులముగ వ్రాసెను. నోబెలు బహుమానము పొందిన మొదటి స్త్రీయని లోకమామెను కొనియాడినది ఆ సంవత్సరమే.

ఎండకును రేడియమునకును ఇచ్చట రెండు భేదములు కలవు. మొదటిది వేగము: సూర్యునికి సంవత్సరములు పట్టు పని రేడియమునకు దినములలో తీఱును. రెండవది అంతకంటె ముఖ్యము. ఎండకు ఊదారంగెక్కు గాజునందు మాంగనీసు వంటి మధ్యవర్తి యుండవలెను. రేడియము కిరణములకు మధ్యవర్తితో పని లేదు. మాంగనీసు లేని గాజును సైతము అవి గోధుమరంగునకు త్రిప్పును. ఏలయన సూర్యుని కిరణము సులభముగా వదలు ఎలెక్ట్రానును మాత్రమే కదలింపగలదు. రేడియము కిరణమో, తన దారిలో నెన్నియో ఎలెక్ట్రానులను గాజు యొక్క మూలకట్టడమునుండియే ఊడబెఱుకును. సూర్యుడు తలుపు తీసియున్న యింటిలో ప్రవేశించునట్టివాడు. రేడియము గోడనే త్రవ్వి ప్రవేశించునట్టిది.

గాజునకు గోడ త్రవ్విన కిరణము చేతిని విడుచునా? ఈ ప్రశ్నకు సమాధానము త్వరలోనే వచ్చెను. 1901లో బెకెరెలు రేడియము గల చిన్న గొట్టమును చొక్కా జేబులో నుంచుకొని తిరుగగా, కొన్ని దినములకు ఆ చోట చర్మము కంది పుండయ్యెను. పియేరు క్యూరీ కావలెననియే తన ముంజేతిపై రేడియమును 10 గంటలసేపు ఉంచుకొని, కలిగిన పుండు మానుటకు వారములు పట్టుటను గుర్తించి వ్రాసెను. ఇద్దఱును కలిసి ఆ సంగతిని ఆ సంవత్సరమే ప్రకటించిరి. వారి నిష్కాపట్యము మెచ్చదగినది. కాని లోకమునకు ఆ వార్త మఱియొక విధముగా వినబడెను. కండను కాల్చు శక్తి గలది కనుక ఇది దివ్యౌషధమనిరి. కొంతవఱకది నిజమే, రాచపుండును కాల్చివేయుటకు వైద్యుల చేతిలో రేడియము ఉపకరించినది. వర్తకులు మాత్రము అచ్చటితో నిలువలేదు.

తరువాతి రెండు మూడు దశాబ్దములలో ఐరోపా, అమెరికాలయందు రేడియము కలిపిన త్రాగునీరును, ముఖమునకు పూయు లేపనములును అంగళ్లలో అమ్ముడుపోయెను. బలము, యౌవనము, కాంతి అని ప్రకటనలలో వ్రాసిరి. అమెరికాలో గడియారపు ముఖములపై చీకటిలో వెలుగు అంకెలు వ్రాయు యువతులు, కుంచె మొనను పెదవులతో సన్నము చేసికొనుచు ఆ రంగుతో రేడియమును మ్రింగిరి. దాని వలన దోషము లేదని వారికి చెప్పియుండిరి. పలువురకు దవుడ యెముకలు కుళ్లెను, పలువురు మరణించిరి. న్యూజెర్సీ రాష్ట్రమున ఐదుగురు స్త్రీలు వ్యాజ్యము తెచ్చి పోరాడగా 1928లో యజమానులు రాజీకి వచ్చిరి. 1932లో ఎబెన్ బయర్సు అను అమెరికా ధనవంతుడు, రాడిథోర్ అను రేడియపు నీటిని వెయ్యికి పైగా సీసాలు త్రాగినవాడు, యెముకలు పుచ్చి మరణించెను. జీవితమంతయు కిరణముల నడుమ పనిచేసిన మేరీ క్యూరీ 1934 జూలై 4వ తేదీన మూలుగలో రక్తము పుట్టని వ్యాధిచే కన్నుమూసెను.

ఇప్పుడు వెనుకకు తిరిగి చూడుడు. రాతివలె గట్టిదైన గాజు లోపలి కట్టడమును ఈ కిరణములు కదలించునని 1899లోనే అచ్చుపడినది. అవి చర్మమును పుండుచేయునని 1901లో అచ్చుపడినది. సాక్ష్యము లేకపోలేదు, సాక్ష్యమును చదువువారు తక్కువైరి. రంగు తిరిగిన పాత్ర చేతిలో నుండగనే, ఆ పాత్రలోనిది అమృతమని నమ్మిరి. విద్యావంతులైన దేశములలోనే ఇట్లు జరిగినదనగా, మూఢవిశ్వాసము పాత వేషముననే గాక శాస్త్రపు వేషమునను రాగలదని మనము తెలిసికొనవలెను.

గాజు నల్లబడుటకు సమగ్రమైన వివరణము దొరకుటకు మఱి కొన్ని దశాబ్దములు పట్టెను. జర్మనీలోని గాటింగెను విశ్వవిద్యాలయమున రాబర్టు పోల్ అను ఆచార్యుడును, అతని శిష్యులును 1920, 1930 దశకములలో ఉప్పువంటి స్ఫటికములను పరీక్షించి, రంగు స్ఫటికమంతట వ్యాపించిన గుణము కాదనియు, లోపలి కొన్ని తావులయందు నివసించుననియు తేల్చిరి. వానికి రంగుకేంద్రములని పేరు. పరమాణువు లోపించిన ఖాళీలో ఎలెక్ట్రాను చిక్కుకొనినచో అది యొక రంగుకేంద్రమగును. గాజు కట్టడము క్రమము లేనిది కావున అచ్చట చిక్కు హెచ్చు. 1956లో అమెరికాలోని ఓక్‌రిడ్జి పరిశోధనాలయమున రాబర్టు వీక్సు, అయస్కాంతక్షేత్రమునందు సూక్ష్మతరంగములతో ఒంటరి ఎలెక్ట్రానులను పసికట్టు పద్ధతిచే, కిరణములు తగిలిన సిలికాలో ఒక కేంద్రమును గుర్తించెను. సిలికను పరమాణువునకు సహజముగా నాలుగు ఆమ్లజని పరమాణువులు తోడుండును. ఒక ఆమ్లజని లోపించినచోట సిలికను కడ ఒంటరి ఎలెక్ట్రాను మిగిలిపోవును. ఇది మ్రింగునది అతినీలలోహితమును; కావున కంటికి గాజు తెల్లగనే కనబడుచుండును.

సోడా కలిసిన గాజు సంగతి వేఱు. శుద్ధమైన సిలికాలో ప్రతి ఆమ్లజనియు రెండు సిలికనులను వంతెనవలె కలుపుచుండును. సోడా చేరినప్పుడు ఆ వంతెనలు కొన్ని తెగి, ఒక కొన మాత్రమే కట్టుబడిన ఆమ్లజనులు ఏర్పడును. గాజు సులభముగా కరగుట ఆ తెగుటవలననే. కిరణము అట్టి ఆమ్లజనినుండి ఎలెక్ట్రానును ఊడగొట్టగా మిగిలిన లోటు, కనబడు వెలుతురునే మ్రింగ మొదలిడును. నీలిభాగమున కొంత, నారింజభాగమున కొంత పోవుటచే మిగిలిన వెలుతురు గోధుమచాయగా తోచును. ఇందుచేతనే కిటికీగాజు త్వరగా నల్లబడగా, శుద్ధసిలికా అదే మోతాదునకు చాలవఱకు స్వచ్ఛముగా నిలుచును. ప్రకృతియు ఈ పనిని ఎఱుగును. సహజస్ఫటికములో అల్యూమినియము కొలదిగా నుండి, చుట్టునున్న శిలల కిరణములు యుగములతరబడి సోకినచో అది పొగచాయ పొందును. రత్నవర్తకులు అమ్ము ధూమస్ఫటికము అట్టిదే.

న్యూట్రానులు అను కణములు తగిలినచో మార్పు ఇంకను లోతైనది. అవి ఎలెక్ట్రానులనే గాక పరమాణువులనే స్థానభ్రష్టములను చేయును. 1950 దశకమున అమెరికాలో ప్రిమాక్ మొదలగువారు చేసిన పరీక్షలలో, సిలికాగాజు న్యూట్రానులచే నూటికి రెండు మూడు పాళ్లు చిక్కబడుననియు, దానితో వెలుతురును వంచు శక్తియు మాఱుననియు తేలెను. స్ఫటికసిలికా అందుకు విరుద్ధముగా నూటికి ఇంచుమించు 14 పాళ్లు ఉబ్బును. తుదకు రెండును ఒకే సాంద్రత గల క్రమహీనద్రవ్యమగును. అనగా వేదాంతుల స్ఫటికమును సైతము ఈ కణములు స్ఫటికముగా నిలువనీయవు.

ఈ శాస్త్రము కేవల కుతూహలమువలననే పెరుగలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని హాన్‌ఫోర్డునందు ప్లుటోనియమును వేఱుచేయు కర్మాగారము 1944లో పని ప్రారంభించెను. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకి నగరమును నాశనము చేసిన బాంబులోని ప్లుటోనియము ఆ హాన్‌ఫోర్డుదే. పని జరుగు గదిలో మనుష్యుడు నిలువరాదు. మందమైన గోడల ఆవల కూర్చున్నవారు, వంపుగొట్టపు దర్శనులైన పెరిస్కోపుల ద్వారా లోపల చూచుచు యంత్రములను నడిపిరి. ఇట్టి చోట్ల కిరణములు సోకిన కటకములు క్రమముగా గోధుమరంగెక్కి చూపు మందగించును. అంతటి ప్రమాదద్రవ్యమును గ్రుడ్డిగా కదలించుట ఎట్లు? తరువాతి కాలమున గోడలకే గాజుకిటికీలు పెట్టిరి. కిరణములను ఆపుటకు వానిలో సీసము మెండుగా చేర్చిరి. కిటికీ మందము ఒక్కొక్కచోట మీటరు వఱకు నుండును. కాని కిరణమును ఆపుట యనగా మ్రింగుటయే. మ్రింగిన గాజు నల్లబడుటయు సహజమే. మనుష్యుని కాచు గాజు మనుష్యునికి చూపు లేకుండ చేయునట్లయ్యెను.

దీనికి దొరకిన మందు సిరియము అను మూలకము. గాజులో సిరియము చేరుట కొత్త కాదు. కొలిమి ముందు బ్రతుకు గాజుపనివారికి కంటిలో శుక్లము తఱచుగా వచ్చుచుండుటచే, లండనులోని రాయల్ సొసైటీ ఆ విషయమున ఒక సంఘమును నియమించెను. అందలి పనిగా విలియం క్రూక్సు 300కు పైగా గాజుమిశ్రమములను పరీక్షించి 1914లో తన ఫలితములను ప్రకటించెను. కంటికి కీడుచేయు కిరణములను ఆపు ద్రవ్యములలో సిరియము మేలైనదని తేలెను. ఇంచుమించు మూడు దశాబ్దముల పిమ్మట, నార్బర్టు క్రైడ్ల్ మొదలగు గాజుశాస్త్రజ్ఞులు ఆ సిరియమునే కిరణములకు నల్లబడని గాజులకు వినియోగించిరి. కార్మికుని కంటికై ప్రారంభమైన పరిశోధన గాజునకే రక్షణగా పరిణమించెను.

సిరియము కిరణములను అడ్డగింపదు. ఎలెక్ట్రానులు ఊడుట మానదు. కాని సిరియమునకు గాజులో రెండు రూపములు కలవు. రెంటికిని భేదము ఒక ఎలెక్ట్రాను మాత్రమే. ఊడి తిరుగు ఎలెక్ట్రానును ఒక రూపము పట్టుకొనును. ఎలెక్ట్రాను పోయిన లోటును రెండవ రూపము తనదానిని ఇచ్చి పూడ్చును. ఇచ్చినదియు పుచ్చుకొనినదియు మ్రింగునది ముఖ్యముగా అతినీలలోహితమునే గాని కనబడు వెలుతురును కాదు. కావున లోపల నష్టము జరిగినను చూపు చెడదు. దీనికొక వెల కలదు. సిరియపు గాజు మొదటినుండియే కొంచెము పసుపుచాయగా నుండును. రేపటి నలుపును తప్పించుకొనుటకు నేటి లేతపసుపును ఒప్పుకొనవలెను.

ఈ సిరియమునకు ముఖ్యమైన ఖనిజములలో మోనజైటు ఒకటి. అది మన భీమునిపట్టణము మొదలగు సముద్రతీరముల యిసుకలలో తక్కిన బరువైన రేణువులతో కలిసియున్నది. ఆ మోనజైటులోనే తనంతట కిరణములు విడుచు థోరియమును ఉండుట గమనింపదగినది. గాజును చెఱచునదియు, గాజును కాచునదియు ఒకే రేణువునందు ఇమిడియున్నవి.

నేడు కిరణద్రవ్యములతో పనిచేయు గదులకు, లోపలివైపున సిరియపు గాజును, వెలుపలివైపున సీసపు గాజును పొరలుగా అమర్చుదురు. అయినను జాగ్రత్త తప్పదు. అధికముగా కిరణములు సోకిన గాజులో విద్యుత్తు పేరుకొని, చిన్న తాకిడికే లోపల మెఱుపువలె పగిలి, కొమ్మలు రెమ్మలుగల చెట్టువంటి గుర్తును మిగుల్చును. అంతరిక్షమున తిరుగు ఉపగ్రహముల సూర్యఘటములకు సిరియము కలిపిన పలుచని గాజును కప్పుదురు. లేనిచో ఆ కప్పు నల్లబడి సూర్యకాంతియే లోపలికి అందదు. వార్తలను వెలుతురు రూపమున మోయు గాజుతంతులును కిరణములు సోకినచో మసకబారి వార్తను బలహీనపఱచును. అయితే ఆ మసకనే కొలిచి, ఎంత కిరణము సోకినదో లెక్కకట్టుటయు నేర్చిరి. కోబాల్టు కలిపిన గాజుముక్క ఎంత నల్లబడినదో చూచి, దానికి తగిలిన పెద్ద మోతాదులను నిర్ణయించు పద్ధతియు వచ్చినది. ఒకనాడు అలక్ష్యము చేసిన సాక్షిని పిలిచి, కూర్చుండబెట్టి, అంకెలతో వాఙ్మూలము తీసికొనుటయే ఇది.

గాజువలెనే స్వచ్ఛమైన వస్తువు మన దేహమునను ఒకటి కలదు. అది కంటి కటకము. 1949లో అమెరికాలో సైక్లోట్రాను యంత్రములవద్ద పనిచేసిన భౌతికశాస్త్రజ్ఞులు కొందఱికి కంటిలో శుక్లములు ఏర్పడిన సంగతి ప్రకటింపబడెను. కిరణము సోకిన నాడు నొప్పి లేదు, మంట లేదు. మసక తరువాత గాని కనబడలేదు. కంటి కటకము మసకబారుటకు కారణము గాజులోని కారణము వంటిది కాదు. అచ్చట చెడునవి జీవకణములు. అయినను ఫలితము ఒక్కటియే: వెలుతురునకు దారి మూయబడుట. గాజును కొలిమిలో పెట్టినచో తేరుకొనును. కన్నును పెట్టుటకు కొలిమి లేదు. చెడిన కటకమును శస్త్రముతో తీసివేయవలసినదే.

ఈ చరిత్రనుండి కిరణములకు భయపడుట నేర్చుకొనవలెనని మా భావము కాదు. విఱిగిన యెముకను చూపునది ఎక్సు కిరణమే. రాచపుండును మాడ్చునదియు కిరణమే. మోతాదు తెలిసిన చేతిలో అది ఉపకారి. నేర్చుకొనవలసినది ఫారడే చేసిన పని. శాస్త్రనామముతో గాని, శాస్త్రులవారి పేరుతో గాని, మన గడపలోనికి వచ్చు ప్రతి నూతన తైలమును, లేహ్యమును, తాయెత్తును, యంత్రమును గూర్చి ఒక ప్రశ్న వేయవలెను: దీనిని వాడినవారి సంగతి చెప్పితిరి, వాడనివారి సంగతి ఏమి? చీకటిలో దాచిన సగము ఎక్కడ? రేడియపు నీటిని అమ్మినవాని నెవరైన ఈ ప్రశ్న అడిగి, జవాబు వచ్చువఱకు మూత తీయక యుండినచో, ఎన్నో ప్రాణములు నిలిచియుండును. మన పిల్లలకు ఈ ప్రశ్న నేర్పుటకు పరిశోధనాలయము అక్కఱలేదు. విఱిగిన సీసా పెంకు నొకదానిని రెండుచేసి, ఒక సగమును పెట్టెలోను, రెండవదానిని మిద్దెమీదను ఉంచి, సంవత్సరము తరువాత తీసి చూపిన చాలును. రంగు మాఱినను మాఱకున్నను, పోల్చి చూచిన పిమ్మటనే మాటాడవలెనను అలవాటు వారికి అబ్బును.